చివరి ముద్ద, మొదటి శ్వాస



తెలుగువారి భోజనం దేనితో ముగుస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు. పప్పు అయింది, కూర అయింది, చారు అయింది. ఇక పెరుగు. డాలస్‌లో ఉన్నా, ఎడిసన్‌లో ఉన్నా, ఫ్రీమాంట్‌లో ఉన్నా, ఆ చివరి ముద్ద పడితే గానీ కడుపు నిండినట్టుండదు. అందుకే అమెరికాలో ఒక తెలుగింట్లో ఎవరైనా "రేపటినుంచి నేను వేగన్" అంటే, ఇంట్లోవాళ్లు ముందు కోడికూర సంగతి అడగరు. "మరి పెరుగో?" అంటారు.

ఈ పూట కబురంతా ఆ ప్రశ్న చుట్టూనే. దానితోపాటు, చాలామంది అదే వారం మొదలుపెట్టే ఇంకో పని గురించి కూడా. అది యోగాభ్యాసం. ఈ రెండూ జంటగా ఎందుకు వస్తాయి? అమెరికాలో వీటిని ముడివేసింది ఎవరు? మొదలుపెట్టదలచిన తెలుగువారు దేన్ని మరచిపోకూడదు?

ముందు ఆ మాట సంగతి. వేగన్ అంటే మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టనివారు. చాలామంది తోలు చెప్పులూ పట్టుబట్టలూ కూడా మానేస్తారు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి ఈ మాటను పుట్టించారు. మన శాకాహారానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఒక్క పాలచుక్కలో ఉంది. మరోసారి చెప్పుకుందాం: తేడా ముఖ్యంగా పాల దగ్గరే.

ఇప్పుడు న్యూజెర్సీ వెళ్దాం. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు తెలియని తెలుగువారు అక్కడ తక్కువ. అక్కడినుంచి దక్షిణంగా కారులో గంటన్నర పోతే మలాగా అనే చిన్న ఊరు వస్తుంది. 1960లో జే దిన్షా అనే యువకుడు అక్కడ అమెరికన్ వేగన్ సొసైటీని స్థాపించారు. పేరు విని పోల్చుకునే ఉంటారు. ఆయన తండ్రి భారతదేశం నుంచి వెళ్లిన పార్సీ. జే పుట్టిందీ పెరిగిందీ శాకాహారపు ఇంట్లోనే. 1957లో ఫిలడెల్ఫియాలో ఒక కబేళా చూశారు. ఆ చూసినది ఆయన్ని వదలలేదు. మాంసం ఎలాగూ తినరు. కానీ పాలిచ్చే ఆవు చివరికి చేరేది కూడా అక్కడికే కదా అన్న ఆలోచన ఆయన్ని పాలకు దూరం చేసింది.

ఆయన నడిపిన పత్రిక పేరేమిటో తెలుసా? 'అహింస'. ఇంగ్లీషు పత్రికే, పేరు మాత్రం అచ్చంగా మనది. నాలుగు దశాబ్దాలు, 2000లో కన్నుమూసేదాకా, ఆయన ఆ ఒక్క మాటనే పట్టుకుని పనిచేశారు. ఆయన భార్య ఫ్రేయా వేగన్ వంటల మీద పుస్తకం రాశారు. అమెరికాలో వేగన్ ఉద్యమానికి పునాదిరాయి మీద చెక్కిన మాట అహింస అని తెలిసినప్పుడు, ఈ దారి మనకు పరాయిదని అనడం కష్టం.

పాల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. మన ఊళ్లలో దూడ కుడిచాక పాలు పిండుకోవడం చూసిన కళ్లు మనవి. అమెరికా డెయిరీ పద్ధతి వేరు. ఆ దేశంలో 90 లక్షలకు పైగా పాడి ఆవులున్నాయి. దూడను పుట్టిన కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తల్లినుంచి వేరుచేయడం అక్కడ మామూలు. పాల దిగుబడి తగ్గిన ఆవు కబేళాకు పోతుంది. గోపూజ చేసే చేత్తోనే గ్యాలన్ పాలడబ్బా అందుకునేవారికి ఈ సంగతి చెప్పి తీరాలి. తెలిశాక ఏం చేయాలన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

యోగాతో ముడి సంగతికి వద్దాం. 1984లో న్యూయార్క్‌లో షారన్ గానన్, డేవిడ్ లైఫ్ అనే ఇద్దరు కళాకారులు జీవముక్తి యోగా అనే పద్ధతిని ప్రారంభించారు. మైసూరు వెళ్లి యోగా గురువు పట్టాభి జోయిస్ దగ్గర కూడా వాళ్లు నేర్చుకున్నారు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికంటే ముందు యమ నియమాలున్నాయి. యమాల్లో మొట్టమొదటిది అహింస. గానన్ దాన్ని అక్షరాలా పట్టుకున్నారు. చాప మీద ఎంత ఒంగినా, కంచంలో హింస ఉంటే అది యోగం కాదని బోధించారు. వారి న్యూయార్క్ కేంద్రంలో ఆసనాల గది పక్కనే వేగన్ ఫలహారశాల ఉండేది.

అంత కచ్చితంగా చెప్పడం అందరికీ నచ్చలేదు. భారతదేశంలోనే ఎందరో యోగులు పాలు తాగారు, నెయ్యి తిన్నారు. ఆ మాట నిజమే. అయినా మనం ఆసనాన్ని ముందుకు తెచ్చి అహింసను వెనక్కి నెట్టిన కాలంలో, ఆ వరుసను గుర్తుచేసినవారు న్యూయార్క్‌లో దొరికారు. అందుకు వారికి కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఇక ఇంకో కథ. ఇది గుండెకు సంబంధించిన కథ, కొంచెం తీరిగ్గా చెప్పుకోవలసిన కథ.

1970ల మొదట్లో టెక్సస్‌లో డీన్ ఆర్నిష్ అనే కాలేజీ కుర్రాడు తీవ్రమైన మానసిక కుంగుబాటులో పడ్డాడు. చదువు సాగలేదు, ఇంటికి వచ్చేశాడు. అదే సమయంలో డాలస్‌లో ఉన్న తల్లిదండ్రులు తమ ఇంటికి ఒక స్వామీజీని ఆహ్వానించారు. ఆయన స్వామి సచ్చిదానంద. కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టి, రుషీకేశ్‌లో శివానంద స్వామి శిష్యుడై, 1966లో అమెరికా చేరినవారు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో మొదటి రోజున ఆయన ప్రసంగించారు. ఆ స్వామీజీ దగ్గర ఆర్నిష్ ఆసనాలూ ధ్యానమూ నేర్చుకున్నాడు. శాకాహారం మొదలుపెట్టాడు. కోలుకున్నాడు. వైద్యవిద్యలో చేరాడు.

చేరాక అతనికి ఒక అనుమానం. మనసును నిలబెట్టిన ఈ జీవితం గుండెజబ్బును కూడా నిలువరిస్తుందా? 1977లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, పదిమంది గుండెరోగులతో ఒక చిన్న ప్రయత్నం చేశాడు. ఆ తర్వాత పెద్ద పరీక్ష. దాని ఫలితం 1990లో ప్రఖ్యాత వైద్యపత్రిక 'లాన్సెట్'లో వచ్చింది.

ఆ పరీక్షలో ఏం చేశారో నెమ్మదిగా వినండి. 48 మంది గుండెరోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మామూలు వైద్యంతో ఉంది. రెండో గుంపు జీవితమే మారింది. నూనె దాదాపు లేని శాకాహారం. గుడ్డులో తెల్లసొన, రోజుకు ఒక కప్పు వెన్న తీసిన పాలో పెరుగో తప్ప జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేదు. అంటే వేగన్‌కు ఒక్క అడుగు ఇవతల. రోజూ ఒక గంట ఆసనాలు, శ్వాస, ధ్యానం, విశ్రాంతి. నడక. పొగతాగడం బంద్. వారానికి రెండుసార్లు అందరూ కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం.

ఏడాది తర్వాత గుండె రక్తనాళాలను మళ్లీ చిత్రం తీశారు. మామూలు గుంపులో పూడిక సగటున పెరిగింది. జీవితం మార్చుకున్న గుంపులో పూడిక కొద్దిగా తగ్గింది. కొద్దిగానే. కానీ తగ్గింది. ఛాతీనొప్పి మాత్రం బాగా తగ్గిపోయింది. ఐదేళ్ల తర్వాత చూసినా రెండు గుంపుల మధ్య తేడా ఇంకా పెరిగిందే తప్ప చెరగలేదు. 2010లో అమెరికా ప్రభుత్వపు మెడికేర్ ఈ కార్యక్రమానికి ఖర్చు చెల్లించడానికి ఒప్పుకుంది. డాలస్‌లోని ఒక ఇంట్లో ఒక స్వామీజీ నేర్పిన అభ్యాసం, నలభై ఏళ్లలో వైద్యబీమా పట్టికలోకి ఎక్కింది.

అయితే ఇక్కడ రెండు మాటలు దాచకూడదు. ఒకటి, ఆ పరీక్షలో ఉన్నవారు తక్కువమంది. రెండు, అన్నీ ఒకేసారి మార్చారు కాబట్టి తిండి ఎంత చేసింది, యోగా ఎంత చేసింది అని విడదీసి చెప్పలేం. వైద్యుల్లో దీనిమీద వాదాలు ఉన్నాయి. కనుక ఈ కథ విని ఎవరూ మందులు మానకండి. బీపీకో షుగరుకో మాత్రలు వేసుకునేవారు తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పండి. ఎందుకంటే తిండి మారితే ఆ మాత్రల మోతాదు కూడా మార్చవలసి రావచ్చు. మళ్లీ చెబుతున్న మాట ఇది: మందులు మీ అంతట మీరు ఆపకండి.

మన గుండెల మాటేమిటి? అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియావారి గుండెల మీద 'మసాలా' అనే పెద్ద అధ్యయనం నడుస్తోంది. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ షికాగోలోనూ మొదలైంది. అందులో మనవాళ్లు ఏం తింటున్నారో చూశారు. స్థూలంగా మూడు రకాల కంచాలు కనిపించాయి. మాంసం ఎక్కువగా ఉన్న కంచం ఒకటి. కూరలు, పండ్లు, పప్పులు, గింజలు ఉన్న కంచం ఒకటి. మూడోది నూనెలో వేగిన చిరుతిళ్లు, మిఠాయిలు, మీగడ పాలు ఉన్న కంచం. ఈ మూడోది మధుమేహానికి దారితీసే లక్షణాలతో ముడిపడి ఉంది.

ఇది మనసులో పెట్టుకోవాలి. జంతికలు వేగనే. చెగోడీలు వేగనే. కోలా వేగనే. నెయ్యి మానేసి ఆ చోటును నూనెతో నింపితే జంతువుకు మేలు జరుగుతుందేమో గానీ, మన గుండెకు జరగదు.

ఇంకో అపోహ కూడా ఉంది. భారతీయులంటే శాకాహారులే అని అమెరికాలో సహోద్యోగులు అనుకుంటారు. తెలుగువారి విషయంలో అది నిజం కాదు. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 98 మంది మాంసాహారులే. అయినా మన వంటింట్లో వేగన్ వంటలకు కొరతలేదు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, చింతపండు పులిహోర, గుత్తివంకాయ కూర, పప్పుచారు, పెసరట్టు అల్లం పచ్చడి, జొన్నరొట్టె, నువ్వులపొడి. ఇందులో దేనికీ ప్రత్యేకమైన దుకాణం అక్కర్లేదు. ఖరీదైన నకిలీ మాంసం అక్కర్లేదు. నెయ్యి చుక్క ఒక్కటి ఆపితే చాలు, అవి ఎప్పటినుంచో వేగన్ వంటలే.

చిక్కు బయట తినేటప్పుడు వస్తుంది. రెస్టారెంట్ నాన్‌లో పెరుగు కలుపుతారు. కూరల్లో మీగడ పోస్తారు. దోశమీద అడక్కుండానే నెయ్యి వేస్తారు. గుళ్లో ప్రసాదం నేతిదే. ప్రసాదం దగ్గర ఏం చేయాలో ఎవరి మనసు వారికి చెబుతుంది, అక్కడ ఇంకొకరు తీర్పు చెప్పడం బాగుండదు. దుకాణంలో కొనే ప్యాకెట్ల విషయం మాత్రం సులువు. అలర్జీ ఉన్నవారి కోసం చేసిన చట్టం 2006 నుంచి అమెరికాలో అమల్లో ఉంది. దాని ప్రకారం పాలు ఉంటే 'మిల్క్' అన్న మాట ప్యాకెట్ మీద తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క మాట వెతకండి.

ఇప్పుడు ఈ ప్రసంగం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. బీ12.

వేగన్ భోజనంలో బీ12 విటమిన్ దొరకదు. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనకు మాంసం, గుడ్డు, పాల ద్వారా అందుతుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, ఇసుకరేణువంత కూడా కాదు. కానీ అది లేకపోతే రక్తం పలచబడుతుంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మతిమరుపు వస్తుంది, నరాలు దెబ్బతింటాయి. కాలేయంలో నిలవ ఉండేది కొన్నేళ్లు కాపాడుతుంది. అందుకే ముప్పు వెంటనే తెలియదు. "రెండేళ్లయింది, నాకేం కాలేదే" అనుకుంటారు.

ఈ చోట ఒక తెలుగువాడిని తలుచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని బలితీసుకుంది. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బు అది. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదలతో ఆయన 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి కాలేయపు రసాన్ని వడగట్టి, విడగొట్టి, రక్తహీనతను తగ్గించే పదార్థం కోసం వెతికారు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది. కాలేయంలో దాగిన రెండో పదార్థమైన బీ12ను 1948లో వేరే బృందాలు పట్టుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఈ కథ ఇక్కడ ఎందుకంటే, ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో పుష్కలంగా ఉంటుంది. తోటకూర, పాలకూర, పప్పులు తినే వేగన్‌కు దానికి లోటుండదు. అయితే ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంటే బీ12 లోటు వల్ల వచ్చే రక్తహీనత బయటపడకపోవచ్చు. రక్తపరీక్షలో అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. సుబ్బారావు వెతికిన ఆ రెండు పదార్థాలూ జోడెద్దుల్లాంటివి. ఒకటి పచ్చిక మేస్తూ బలంగా ఉందని రెండోదాన్ని పస్తు పెట్టకూడదు.

కాబట్టి వేగన్ అయిన రోజే బీ12 మాత్ర మొదలుపెట్టండి. ఎంత మోతాదో డాక్టరు చెబుతారు. మాత్రతోపాటు, ఆ విటమిన్ కలిపిన సోయా పాలు కూడా దొరుకుతాయి. పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. చింతపండు మరిచినా చారు ఎలాగో అవుతుంది. బీ12 మాత్ర మాత్రం మరవకండి.

ఇక యోగా. అమెరికాలో 2022 లెక్క ప్రకారం పెద్దవారిలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు యోగా చేస్తున్నారు. ఆడవారు మగవారికంటే రెండింతలకు పైగా ఉన్నారు. అదే దేశంలో అలబామా రాష్ట్రం 1993 నుంచి 2021 దాకా బడుల్లో యోగాను నిషేధించింది. నిషేధం ఎత్తేశాక కూడా అక్కడి పిల్లలు ఆసనాల పేర్లు ఇంగ్లీషులోనే చెప్పాలి, 'నమస్తే' అనకూడదు. మన పిల్లలు ఆ బడుల్లో చదువుతున్నారు. తాడాసనం అన్న మాట వారికి ఇంట్లోనైనా వినబడాలి.

మొదలుపెట్టేవారు నలభై దాటి, పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవారైతే, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే విన్యాసాల జోలికి పోకండి. నిటారుగా నిలబడటం నేర్చుకోండి. అది తాడాసనం. కుర్చీలో కూర్చుని మెడ, భుజాలు, నడుము మెల్లగా తిప్పండి. వెల్లకిలా పడుకుని ఊపిరి లెక్కపెట్టండి. మొదటి నెలకు పదిహేను నిమిషాలు చాలు. నడుంనొప్పి పాతబడినవారికి ముందుగా ప్రయత్నించదగ్గ మార్గాల్లో యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది. కంటిలో నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవారు శీర్షాసనం వంటి తలకిందుల ఆసనాలు చేయకూడదు. బీపీ అదుపులో లేనివారు కూడా అంతే. మోకాలో మెడో నొప్పి పుడితే అక్కడే ఆపేయండి. గురువు ఎదురుగా ఉంటే మంచిది. ఊళ్లో వైఎంసీఏ, కమ్యూనిటీ సెంటరు, గుడి, ఎక్కడో ఒకచోట కొత్తవారికోసం తరగతి ఉంటుంది, విచారించండి.

తిండినీ యోగాభ్యాసాన్నీ ఒకే రోజు నెత్తికెత్తుకోవాలా అని కొందరు అడుగుతారు. ఆర్నిష్ రోగులు అలాగే చేశారు. కానీ వారి వెనుక ఒక బృందం ఉంది. ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టేవారు ముందు ఉదయపు పదిహేను నిమిషాలను నిలబెట్టుకుని, ఆ తర్వాత ఒక పూట భోజనాన్ని మార్చడం మేలు. మధ్యాహ్నం డబ్బాలో పులిహోర, దొండకాయ వేపుడు పెట్టుకుంటే ఆ పూట గడిచిపోయినట్టే.

మరి పెరుగో? మొదటి ప్రశ్న దగ్గరికి తిరిగి వచ్చాం. చక్కెర, సువాసనలు కలపని సోయా పాలు తీసుకోండి. సోయా గింజలు, నీళ్లు తప్ప వేరేమీ లేనివైతే బాగా తోడుకుంటాయి. గోరువెచ్చగా కాచండి. పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో కడిగి అందులో వేయండి. ఊళ్లో తోడు దొరకని రోజున అమ్మమ్మలు చేసిన ఉపాయమే ఇది. మూతపెట్టి, చలికాలమైతే ఓవెన్‌లో దీపం మాత్రం వెలిగించి లోపల ఉంచండి. మొదటిసారి కాస్త పలచగా వస్తుంది, వాసన కూడా కొత్తగా ఉంటుంది. దాన్ని పారేయకండి, రెండోసారికి అదే తోడు. రెండోసారి గట్టిగా తోడుకుంటుంది. అల్లం, కరివేపాకు, ఆవాలతో తాలింపు పెట్టి, ఉప్పు వేసి అన్నంలో కలపండి. పక్కన కాస్త మాగాయ.

ఈ రాత్రి తోడువేసి పడుకోండి. పొద్దున్నే చాప పరిచి, పదిహేను నిమిషాల తర్వాత వచ్చి మూత తీసి చూడండి.